కాటా గదిలో అరనిమిషం

ఆ గోడౌన్ల వెనకున్న కాటా గది సంగతి ఎవర్నడిగినా ఒకటే మాట — "పగలైతే పరవాలేదు."

మరి రాత్రో? అని అడిగామంటే గొంతు తగ్గించేస్తారు. అటూ ఇటూ చూస్తారు. "ఎందుకులెండి..." అని టీ గ్లాసులోకి తల దించేస్తారు.

నేను మాత్రం విన్నది విన్నట్టు చెబుతాను. భయపడేవాళ్ళు భయపడండి, నవ్వేవాళ్ళు నవ్వండి. మధ్యలో నాకేం పోయింది?

రోడ్డు మీద ఇనుప గేటు. లోపలికి రాగానే ఆఫీసు గది. అది దాటితే రెండు పెద్ద షెడ్లు, వాటి నిండా మడిచి కట్టిన అట్టపెట్టెలు, కప్పు తగిలేదాకా. షెడ్ల మధ్యనుంచి ఒక సన్నటి సందు. ఆ సందు చివర, వీధి దీపం వెలుతురు కూడా ఇంక నా వల్ల కాదని ఆగిపోయేచోట... కాటా గది.

పూర్వం అక్కడ పాత ఇనుము తూచేవాళ్ళు. ఆ కాటా ఇప్పటికీ గది మధ్యలోనే ఉంది. నిలువెత్తు ఇనుప స్తంభం, దాని మీద అడ్డంగా దండె, కింద మంచమంత ఇనుప బల్ల. తూచే మనిషి లేడు. తూచాల్సిన సరుకూ లేదు. అయినా సరే, అర్ధరాత్రి దాటాక ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో బరువు పెట్టినట్టు...

టంగ్!

ఒక్కసారే. మళ్ళీ వినిపించదు. మళ్ళీ వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చోవడంలో తెల్లారిపోతుంది.

కాటా తాత అని ఒకాయన ఉండేవాడట. జీవితమంతా అక్కడే తూచి, చివరికి ఆ ఇనుప బల్ల మీదే ఒరిగిపోయాడట. ఎప్పుడు పోయాడు? ఎవరికీ తెలీదు. ఎలా పోయాడు? అదీ తెలీదు. కానీ పోయినవాడు పోకుండా అక్కడే ఉన్నాడని మాత్రం అందరికీ ఖాయంగా తెలుసు.

ఏడాదిలో ముగ్గురు నైట్ వాచ్‌మన్లు మారారు. మొదటివాడు పదకొండు రోజులున్నాడు. రెండోవాడు నాలుగు. మూడోవాడు ఒక్క రాత్రే. అతని టిఫిన్ క్యారియరు ఇప్పటికీ ఆఫీసు గదిలో ఉంది, తీసుకెళ్ళడానికి కూడా రాలేదు.

నాలుగోవాడే మనవాడు. టార్చి.

అది పేరు కాదు. పద్దెనిమిదేళ్ళు సినిమా హాల్లో టార్చిలైటుతో జనాన్ని సీట్లలో కూర్చోబెట్టాడు కాబట్టి ఆ మాట అతుక్కుపోయింది. హాలు మూతపడింది, పేరు మిగిలింది. చీకటి అతనికి కొత్తేం కాదు. కాకపోతే హాల్లో చీకటంటే అయిదొందలమంది దగ్గుతూ, నములుతూ, కాళ్ళు చాపుకుని ఉండే చీకటి. ఎవరూ లేని చీకటి ఎలా ఉంటుందో అతనెప్పుడూ చూళ్ళేదు.

హాలు పోయాక మొగుడూ పెళ్ళాం తోడల్లుడి ఇంటికి చేరారు. ఇంటికి అంటే ఇంట్లోకి కాదు, వరండాలోకి. ఆరేళ్ళయింది. వానొస్తే మంచం ఇటు, ఎండొస్తే అటు. తోడల్లుడు పొమ్మని ఎప్పుడూ అనలేదు పాపం. రోజూ పొద్దున్నే చెప్పులు వేసుకుంటూ, "ఏం బాబూ, ఎక్కడైనా ఇల్లు చూస్తున్నావా?" అని మాత్రం అడిగేవాడు. చాలా ఆప్యాయంగా అడిగేవాడు. ఆ ఆప్యాయత అరగక టార్చికి పొద్దున టీ కూడా దిగేది కాదు.

అలాంటివాడికి గోడౌను ఓనరుగారు ఏం చెప్పారంటే — "నెల రోజులు చూస్తాను. రాత్రి నాలుగు రౌండ్లు. పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి. ఒక్కటీ తప్పకుండా తిరిగితే ఉద్యోగం ఖాయం. ఉండడానికి రెండు గదులు కూడా ఇక్కడే ఇస్తాను."

రెండు గదులు!

ఆ మాట ఇంటికెళ్ళి చెప్పగానే భార్య చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. "తలుపు ఉంటుందా?" అని అడిగింది. గదులకి తలుపులుండవా ఏమిటే అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. మర్నాడే గిన్నెలు ఒక్కొక్కటీ తోమి గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది.

కాటా గది మాట మాత్రం టార్చి ఆమెకి చెప్పలేదు.

ఇక రౌండ్లు లెక్కపెట్టే పెట్టెల సంగతి.

ఓనరుగారికి ఒక అక్క. ఊరంతా రేడియో అక్కయ్య అంటారు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేది, ఇప్పుడు రేడియోలు లేక చేతులు ఊరుకోక ఏవేవో చేస్తుంటుంది. సబ్బుపెట్టెలో అగ్గిపెట్టెంత సర్క్యూటు బిగించి, దాన్ని వైఫైకి తగిలించి, అయిదు చోట్ల పెట్టించింది. గేటు, ఆఫీసు, షెడ్డు ఒకటి, షెడ్డు రెండు, కాటా గది. వాచ్‌మన్ మెడలో కార్డు ఉంటుంది. పెట్టెకి ఆనిస్తే కీచుమని కూసి, ఎవరొచ్చారో ఎన్నింటికొచ్చారో రాసిపెట్టుకుంటుంది. వారానికోసారి అక్కయ్య వచ్చి అయిదు పెట్టెల్లోంచీ మెమరీ కార్డులు తీసి లాప్‌టాప్‌లో చూస్తుంది.

"టైము గోడ గడియారంలో చూసి రాసేది కాదు నాయనా ఇది. నేరుగా ఇంటర్నెట్టునడిగి తెచ్చుకుంటుంది. సెకను కూడా తేడా రాదు," అంది అక్కయ్య, మనవడి గురించి చెప్పినట్టు.

"మనిషి మాట నేను నమ్మను. పెట్టె మాటే నమ్ముతాను," అన్నారు ఓనరుగారు.

సరే... మొదటి రాత్రి.

పది గంటల రౌండు ఎలాగో గడిచింది. రోడ్డు మీద లారీలు తిరుగుతున్నాయి, ధైర్యంగానే ఉంది. పన్నెండూ గడిచింది. రెండింటికి లేచాడు. గేటు... కీచ్. ఆఫీసు... కీచ్. షెడ్లు... కీచ్, కీచ్. సందులోకి తిరిగాడు.

గాలి లేదు. అట్టపెట్టెల వాసన. తన చెప్పుల చప్పుడే వెనకనుంచి ఎవరో వస్తున్నట్టుంది. ఆగాడు... చప్పుడూ ఆగింది. నడిచాడు... అదీ నడిచింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

తలుపు తోశాడు. చేయి లోపలికి పెట్టి గోడ తడిమాడు. స్విచ్చి దొరికింది. బల్బు వెలిగింది. స్విచ్చి పక్కనే పెట్టె. కార్డు ఆనించాడు, కీచ్, లైటు తీసేశాడు... అప్పుడు, ఆ చీకట్లో —

టంగ్!

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. గేటు దగ్గర స్టూలు మీద పడేదాకా కాళ్ళు నేలకి తగిలాయో లేదో తెలీదు. ఒక చెప్పు సందులోనే ఉండిపోయింది, తెల్లారాక వెళ్ళి తెచ్చుకున్నాడు.

కానీ మానేస్తాడా? మానేస్తే వరండా. తోడల్లుడు. "ఏం బాబూ..."

అందుకని ఒక పద్ధతి కనిపెట్టాడు. కాలు గడప దాటనివ్వకూడదు. కళ్ళు కాటా వైపు పోనివ్వకూడదు. స్విచ్చి, కార్డు, కీచ్, స్విచ్చి, పరుగు. అంతా మూడు సెకన్లు. లైటు వదిలేస్తే ఓనరుగారు ఊరుకోరు కాబట్టి ఆర్పడం తప్పదు, లేకపోతే అదీ మిగిలేది. మూడో రాత్రికల్లా చెయ్యి అలా తిరిగిపోయింది, పద్దెనిమిదేళ్ళు టిక్కెట్లు చింపిన చెయ్యి కదా.

వారం తిరిగింది. అక్కయ్య లాప్‌టాప్ తెరిచింది. ఓనరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. టార్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గేటు ఎదురుగా టీకొట్టు నడిపే ఆయన గ్లాసులు తెచ్చి, ఇచ్చేసి, పోకుండా అక్కడే నిలబడ్డాడు. ఆయన అంతే, ఎక్కడ చెవి పెట్టాలో బాగా తెలుసు.

గేటు పెట్టె బాగుంది. ఆఫీసు బాగుంది. షెడ్లు బాగున్నాయి. ఓనరుగారు తల ఊపుతున్నారు.

కాటా గది పెట్టె తీయగానే అక్కయ్య వేలు ఆగిపోయింది.

"ఇదేంట్రా..."

ఏడు రాత్రులు. రాత్రికి నాలుగు. ఇరవై ఎనిమిది సార్లు కార్డు పెట్టినట్టు రాసుంది. ఇరవై ఎనిమిదిసార్లూ ఒకటే తేదీ, ఒకటే టైము.

1970 జనవరి 1. అర్ధరాత్రి పన్నెండు గంటల మూడు సెకన్లు.

టీకొట్టాయన పళ్ళెం చంకలో పెట్టుకుని తెర మీదికి వంగాడు.

"అదే..." అన్నాడు మెల్లగా. "అదే సంవత్సరం... కాటా తాత పోయింది అదే సంవత్సరం!"

వారం కిందటిదాకా కాటా తాత ఎప్పుడు పోయాడో ఒక్కడికీ తెలీదని చెప్పానా? సాయంత్రానికల్లా వీధి మొత్తానికి గుర్తొచ్చేసింది. కొత్త సంవత్సరం రాత్రి. సరిగ్గా పన్నెండింటికి. మూడు సెకన్లు కొట్టుకున్నాడు, పోయాడు. టీకొట్టాయన తండ్రి స్వయంగా కాళ్ళు పట్టుకుని మోశాడట.

ఓనరుగారు టార్చిని పక్కకి పిలిచారు. ఆయన మొహంలో సగం కోపం, సగం ఇంకేదో ఉంది.

"నువ్వు ఆ గదికి వెళ్ళావా?"

"వెళ్ళానండీ. అన్నిసార్లూ వెళ్ళానండీ."

"మరి పెట్టె అలా అనడం లేదే. ఈ వారంలో అక్కడికి మనిషన్నవాడు రాలేదంటోంది. ఏం గారడీ చేశావో నాకు తెలీదు. ఇంకో వారం చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే నీ దారి నీది."

టార్చి గుండెలో రాయి పడింది. తను వెళ్ళిన మాట నిజం. తన కార్డే పెట్టాడు. మరి తన టైము ఏమైంది? తను పెట్టిన టైము తుడిచేసి, ఎవరో తమ టైము రాస్తున్నారు...

ఇంటికెళితే భార్య కర్టెను గుడ్డ కొలుస్తోంది. పాత చీర రెండు ముక్కలు చేసింది. "కిటికీ ఎంత ఉంటుందో ఓసారి జానతో కొలిచి రా," అంది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పగలంతా కంటి మీద కునుకు లేదు. ఈ మనిషికి ఆ గదులు రావని చెప్పడం కంటే కాటా తాతకి ఎదురుపడడమే తేలికనిపించింది.

రెండో వారం ఇంకా ఘోరం. ఇప్పుడు కాటా తాతకి తేదీ కూడా వచ్చేసింది కదా! అంతకుముందు ఏదో ఊహ, ఇప్పుడు ఇంటర్నెట్టు సాక్ష్యం. టార్చి గడప బయట నిలబడి చీకట్లోకి గుసగుసగా బతిమాలేవాడు.

"తాతా... నీ టైము నీకుంది... నా టైము నాకు వదిలెయ్యి తాతా. పెళ్ళాం గిన్నెలు సర్దేసింది..."

ఒక్కోసారి టంగుమనేది. ఔనన్నట్టో కాదన్నట్టో ఎలా తెలుస్తుంది?

చెప్పడం అయ్యాక ఊపిరి బిగబట్టి — స్విచ్చి, కార్డు, కీచ్, స్విచ్చి. ఇదివరకటికంటే వేగంగా. భయం పెరిగినకొద్దీ చెయ్యి చురుకెక్కింది.

మళ్ళీ లాప్‌టాప్. మళ్ళీ అందరూ. టీకొట్టాయన ఈసారి టీ తేవడం కూడా మర్చిపోయి వచ్చాడు.

1970 జనవరి 1. అర్ధరాత్రి పన్నెండు గంటల... రెండు సెకన్లు.

"ఒక సెకను తగ్గింది!" అని గావుకేక పెట్టాడు టీకొట్టాయన. "దగ్గరికొస్తున్నాడు! సున్నా అయిందంటే..."

"సున్నా అయితే ఏమవుతుంది?" అంది అక్కయ్య.

ఏమవుతుందో ఆయనకీ తెలీదు. కానీ అలా అన్నాక వెనక్కి తగ్గలేడు కదా, కళ్ళు పెద్దవి చేసి ఊరుకున్నాడు.

ఓనరుగారు లేచి నిలబడ్డారు. "ఇంక చాలు. టార్చీ, రేపట్నుంచి రావద్దు."

టార్చి కళ్ళ ముందు గోనెసంచీ, రెండు ముక్కల చీరా కనిపించాయి. మగాడు ఏడవకూడదని అంటారు గానీ, ఆ నిమిషంలో ఆ మాట అన్నవాణ్ణి చూపిస్తే తన్నేవాడు. కళ్ళనీళ్ళు బొటబొటా కారాయి.

"ఆగరా తమ్ముడూ!" అంది అక్కయ్య. ఆవిడకి కోపం వచ్చింది. టార్చి ఉద్యోగం పోతోందని కాదు, అదీ ఉందిలెండి, కానీ ముఖ్యంగా తన పెట్టె అబద్ధం చెప్పిందన్నందుకు. "నేను బిగించినది దెయ్యాల మాట రాయదు. ఈ రాత్రి నేనొస్తాను. రెండింటి రౌండు నా కళ్ళ ముందు తిరుగుతాడు. నువ్వూ రా."

"నేనెందుకక్కా..."

"భయమా?"

టీకొట్టాయన ముందు ఆ మాట అనేసరికి ఓనరుగారికి రాక తప్పింది కాదు.

రాత్రి రెండయింది. ముందు టార్చి. వెనక మడత కుర్చీ చంకలో పెట్టుకుని అక్కయ్య. ఆవిడ వెనక ఓనరుగారు. షెడ్లు దాటి సందు మొదటికి వచ్చేసరికి ఓనరుగారికి కాలు బెణికింది.

"మీరు పదండి... నేను ఇక్కడ కాపలా ఉంటాను," అన్నారు. దేనికి కాపలానో చెప్పలేదు.

కాటా గది తలుపు తెరుచుకుంది. అక్కయ్య లోపలికి అడుగుపెట్టి, "ఊఁ, రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి," అంది.

టార్చి అలాగే చేశాడు. స్విచ్చి, కార్డు, కీచ్, స్విచ్చి... పరుగు.

సందు సగం దాటాక గుర్తొచ్చింది. అక్కయ్య లోపలే ఉంది!

కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి చూశాడు. గది నల్లగా ఉంది. చప్పుడు లేదు... ఇంకా లేదు... ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు ఆ చీకట్లోంచి, నెమ్మదిగా, ఒక నవ్వు.

"హిహ్... హిహ్హిహ్హి..."

సందు మొదట్లో కాపలా ఉన్న ఓనరుగారు, బెణికిన కాలుతోనే, గేటుదాకా ఒక్క ఉరుకు ఉరికారు.

"ఒరేయ్ టార్చీ!" లోపలినుంచి అక్కయ్య గొంతు. "లైటు ఎవరు వేస్తార్రా? రా ఇలా! దొరికింది నీ దెయ్యం!"

వణుకుతూ వెళ్ళి స్విచ్చి వేశాడు. ఆవిడ కుర్చీ వేసుకుని, పెట్టె ఎదురుగా కూర్చునుంది, పెళ్ళిచూపులకి వచ్చినట్టు.

"చూడు. నువ్వు లైటు వేశాకే ఇది కళ్ళు తెరిచింది. అటు చూడు, నీలం దీపం టకటకలాడుతోంది. అంతదాకా ఇది చచ్చి పడుంది. దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి ఇచ్చాడయ్యా ఆ ఎలక్ట్రీషియన్?"

టార్చి వైరు వెంట చూశాడు. పెట్టెలోంచి వచ్చిన వైరు, పైకి పోయి, బల్బు వైరులో కలిసిపోయింది.

"మెయిను లైనునుంచి లాగమంటే, నాలుగు గజాల వైరు మిగులుతుందని బల్బుకే తగిలించేశాడు మహానుభావుడు. మిగతా నాలుగు పెట్టెలూ రాత్రీపగలూ మేలుకునుంటాయి. గంటకోసారి ఇంటర్నెట్టునడిగి టైము సరిచూసుకుంటాయి. ఇది మాత్రం నువ్వు లైటు వేసినప్పుడల్లా కొత్తగా పుడుతోంది. పుట్టగానే దానికి టైమెలా తెలుస్తుంది? కరెంటు పోయాక కూడా తిరిగే గడియారం దీనిలో లేదు. లేచి, వైఫై వెతుక్కోవాలి. ఆఫీసు దూరమాయె, ఇక్కడికి అది ఊపిరాడక వస్తుంది. దొరికాక 'టైమెంత?' అని అడగాలి. అవతలనుంచి జవాబు రావాలి. ఇదంతా అయ్యేసరికి దగ్గర దగ్గర అరనిమిషం."

"అంతలోపు కార్డు పెడితేనండీ?"

"అంతలోపు దానికి తెలిసింది ఒకటే. ఈ చిప్పులన్నిటికీ లెక్క మొదలయ్యేది 1970 జనవరి ఒకటో తేదీనుంచి. ఎప్పుడో పెద్దవాళ్ళు అలా పెట్టేశారు. టైము దొరికేదాకా అక్కణ్ణుంచే ఒకటీ రెండూ లెక్కపెట్టుకుంటుంది. పుట్టిన మూడో సెకనులో నువ్వు కార్డు పెట్టావు. మూడని రాసింది. రెండోవారం ఇంకా భయపడ్డావు కదా? రెండని రాసింది."

టార్చి గోడకి ఆనుకుపోయాడు. పద్నాలుగు రాత్రులు. దెయ్యానికి భయపడి పరిగెత్తాడు, పరిగెత్తినందుకే దెయ్యం తయారైంది.

"టైము రాకుండా కార్డు తీసుకోవద్దని దీనికి నేను చెప్పలేదు. అది నా తప్పే," అంది అక్కయ్య. ఆవిడ తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారని తర్వాత ఓనరుగారు అన్నారు. "ఊఁ, ఇప్పుడు నిలబడు. నీలం దీపం టకటకలాడడం ఆపేదాకా. దీన్ని ఆర్పి వేస్తున్నా... అదిగో, పుట్టింది."

నిలబడ్డారు ఇద్దరూ. బల్బు సన్నగా గుయ్యిమంటోంది. అయిదు సెకన్లు... పది... టార్చి మొదటిసారి కాటాని ఎదురుగా చూస్తున్నాడు. పదిహేను... ఇరవై...

టంగ్!

అక్కయ్య కుర్చీలోంచి ఎగిరి టార్చి చొక్కా పట్టుకుంది.

"అ... అదేంట్రా?"

"అది రోజూ ఉండేదేనండీ," అని గొణిగాడు టార్చి. "మీ పెట్టెలోది కాదాండీ?"

"కాదు!" ఆవిడ తలుపు వైపు ఒక అడుగు వేసింది.

ఇక్కడ చెప్పాలి, ఇక్కడే చెప్పాలి టార్చి సంగతి. ముచ్చెమటలు పోస్తున్నాయి. అయినా చెయ్యి అడ్డం పెట్టాడు. "కదలకండి అక్కయ్యగారూ... ఇంకో పది సెకన్లు. ఇల్లు... నా ఇల్లండీ..." కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒకటి... రెండు... తొమ్మిది...

నీలం దీపం నిలకడగా వెలిగింది. కార్డు ఆనించాడు. కీచ్.

ఆఫీసుకి వచ్చి చూస్తే, ఆ రోజు తేదీ, ఆ రోజు సంవత్సరం, రెండు గంటల పదిహేడు నిమిషాల నలభై సెకన్లు. టార్చి ఆ అంకెల్ని కన్నబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాడు.

ఓనరుగారు దగ్గారు. "సరే. వైరు మార్పించక్కర్లేదు. ఇలాగే ఉండనీ, మనిషి అరనిమిషం నిలబడి చూసినట్టుంటుంది." అక్కయ్య మాత్రం పెట్టెకి కొత్త బుద్ధి చెప్పింది. టైము వచ్చేదాకా ఎర్ర దీపం, కార్డు ముట్టదు. వచ్చాక పచ్చ దీపం.

టీకొట్టాయనకి ఇదంతా చెబితే విన్నాడు. చివర్న, "అయితే కాటా తాత పోయింది ఏ సంవత్సరం మరి?" అన్నాడు దిగులుగా. "మీ నాన్ననడుగు, కాళ్ళు పట్టుకుని మోశాడుగా," అంది అక్కయ్య.

మిగిలిన పదిహేను రాత్రులూ, రాత్రికి నాలుగుసార్లు, ఎర్ర దీపం పచ్చబడేదాకా టార్చి అక్కడ నిలబడ్డాడు. భయం పోయిందనుకునేరు, పోలేదు. కానీ నిలబడ్డాడు. అరవైసార్లు. ఒక్కటీ తప్పలేదు.

నెల పూర్తయింది. ఓనరుగారు భుజం తట్టారు. "ఉద్యోగం ఖాయం. మాటిచ్చినట్టే గదులూ ఇస్తున్నాను. దారి నీకు తెలుసుగా."

"నాకాండీ?"

"కాటా గది. దాని పక్కది కూడా కలిపి రెండు. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది, ఎవరికిచ్చినా ఒక్క పూట ఉండరు. నువ్వయితే ఉండగలవు. నేననడం కాదు, పెట్టె చెబుతోంది... అరవైసార్లు!"

టార్చి నవ్వాడో ఏడ్చాడో చూసినవాళ్ళు చెప్పలేకపోయారు.

సాయంత్రానికి భార్య తోపుడుబండి మీద మంచం, గోనెసంచీ వేసుకుని వచ్చేసింది. ఆమె వెనక తోడల్లుడు కూడా సాయం వచ్చాడు, ఎన్నడూ లేనంత హుషారుగా. సామాను దింపి ఆయన వెళ్ళిపోయాక, టార్చి గడప దగ్గర తలొంచుకుని మొత్తం చెప్పేశాడు. కాటా తాత. టంగుమనడం. నెల రోజులు దాచడం.

ఆమె విన్నది. గోడలు చూసింది. కిటికీ చూసింది. తలుపు ఓసారి వేసి, ఓసారి తీసి, గడియ పట్టుకుని చూసింది.

"ఉంటే ఉండనీ," అంది. "ఆరేళ్ళు వరండాలో ఉన్నాను. రాత్రి బయటికి లేవాలంటే నలుగుర్ని దాటుకుని వెళ్ళేదాన్ని. ఇక్కడ ఒక్కడేగా."

కళ్ళు తుడుచుకుని అతన్ని బయటికి తోసింది. "పో, డ్యూటీకి టైమవుతోంది. నేను సర్దుకుంటాను." తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది. ఆ చప్పుడు విన్నాకే టార్చి గేటు వైపు కదిలాడు.

పది గంటల రౌండు. గేటు, ఆఫీసు, షెడ్లు అయ్యాయి. సందు చివరికొచ్చి తలుపు తట్టబోయాడు. లోపల లైటు వెలుగుతోంది. చెయ్యి గాల్లోనే ఆగింది.

టంగ్!

వెంటనే భార్య గొంతు, విసుగ్గా. "కాస్త పక్కకి జరగండి తాతా. మంచం వేసుకోవాలి."

ఆ తర్వాత... నేల మీద ఇనుము ఈడ్చుకుపోతున్న చప్పుడు... కిర్ర్ర్ర్... మెల్లగా, బరువుగా, గది మధ్యనుంచి గోడదాకా.

ఆ కాటాని అమ్మేద్దామని ఓనరుగారు ఒకసారి ఎనిమిదిమంది హమాలీల్ని పెట్టారు. వేలెడు కూడా కదల్లేదది.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి భార్య తల బయటపెట్టింది. లోపల ఇంకెవరూ లేరు.

"అలా బిగుసుకుపోయావేం? లోపలికి రా," అంది చేతులు దులుపుకుంటూ. "మంచం ఇప్పుడు సరిగ్గా సరిపోయింది."